కానరాని నీలిమ

మొన్న పెత్రమాసనాడు ఎంగిలిపూల బతుకమ్మ పేర్చుటకై మా బాన్సువాడ యింటి అరుగుమీద రాశిపోసిన తంగేడుపూలను, బడిపనికై తెచ్చుకొన్న నీలపు జిలటిన్ కాగితము చాటునుండి చూచి, మా మనుమరాలు “తాతా, పూలు నల్లగైనయ్!” అని కేకవేసినది. పువ్వు ఉన్నచోటనే యున్నది. దానినుండి రావలసిన నీలికాంతి మాత్రమే లేదు. విశ్వపు పసితనమున పుట్టిన గెలాక్సీలను వెదకువారి విద్యకు మూలమిదే యని చెప్పబోవునంతలో, ఆమె గునుగుపూలకు రంగులద్దుచున్న తల్లియొద్దకు పరుగిడినది.

ఆమెకు చెప్పలేకపోయినది ఇది. నక్షత్రములు విరివిగా పుట్టుచున్న గెలాక్సీ అతినీలలోహిత కాంతిని వెదజల్లును గాని, అందులో 912 ఆంగ్‌స్ట్రామ్‌లకంటె పొట్టి తరంగములను ఉదజని మింగివేయుటచే అచ్చట వెలుగు కోసినట్లు తెగిపోవును. విశ్వము విస్తరించుచుండుటవలన, మనను చేరులోపల తరంగములు సాగి, ఆ తెగిన అంచు ఎరుపువైపునకు జరుగును. ఎంత జరిగినదో అంత ప్రాచీనము. ఒకే ఆకాశపుతునుకను వేర్వేరు ఫిల్టర్లతో చిత్రించి, ఎర్రని చిత్రమున అగపడి నీలిచిత్రమున మాయమగు చుక్కను పట్టుకొను ఈ మార్గమును, 1996 ప్రాంతమున చార్లెస్ స్టైడెల్ బృందము వర్ణపటములతో సరిచూచి స్థిరపరచినది.

ఆ సరిచూచుటయే నాకు ఈ విద్యలో మిక్కిలి ప్రియమైనది. దగ్గరనున్న ధూళికమ్మిన గెలాక్సీ కూడ అదే వేషము వేయగలదు. 2022లో వెబ్ దూరదర్శిని చిత్రములనుబట్టి, విశ్వము పుట్టిన సుమారు 25 కోట్ల యేండ్లనాటిదని తలచిన యొక గెలాక్సీ, మరుసటి యేట వర్ణపటము తీయగా 120 కోట్ల యేండ్లనాటిదని తేలినది.

శ్రీహరికోటనుండి 2015 సెప్టెంబరు 28న ఎగసిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహము, మరుసటి యేడు అక్టోబరులో 28 గంటలకు పైగా ఒకే దిక్కు చూడగా, 930 కోట్ల కాంతిసంవత్సరముల దూరమందలి గెలాక్సీనుండి, ఉదజని మింగవలసిన ఆ కాంతియే కొంత తప్పించుకొని వచ్చినట్లు కానవచ్చెను! అది నిజముగా ఆ గెలాక్సీదే యని నిశ్చయించుకొనుటకు పుణెలోని అయుకా ఖగోళపరిశోధనసంస్థకు చెందిన కనక్ సాహా బృందమునకు దాదాపు రెండేండ్లు పట్టినది. 2020లో గాని ప్రకటింపలేదు. తొలినాటి విశ్వమును కమ్మిన ఉదజని మంచు, పసిగెలాక్సీలనుండి ఇట్లు కారిన కాంతిచేతనే విడిపోయినదని పలువురు శాస్త్రజ్ఞుల తలంపు.

సద్దుల బతుకమ్మనాటికి మా బిడ్డకు ఎర్రని జిలటిన్ కాగితము కూడ కొనిపెట్టవలెను. దాని చాటున తంగేడు నల్లబడదు.