పావు కిలో కడ్డీ, రెండు స్వరాలు

నాచారం పారిశ్రామికవాడలో ఒక చిన్న లేత్ షాపుకి వెళ్లి, 22 మిల్లీమీటర్ల మందం, 83 మిల్లీమీటర్ల పొడవు ఉన్న స్టెయిన్‌లెస్ స్టీల్ కడ్డీ చేసివ్వమన్నాను. ఒక కొన గుండ్రంగా తిప్పాలి, ఒంటి మీద గీత కనపడకుండా అద్దంలా పాలిష్ పట్టాలి. తూస్తే దాదాపు పావు కిలో వచ్చింది. "ఇది దేనికి సార్?" అన్నాడు టర్నర్. గిటారుకన్నాను. "వాయించనీకా, పలగ్గొట్టనీకా?"

అడగాల్సిన మాటే. మనం హవాయిన్ గిటారు అని పిలుచుకునే ల్యాప్ స్టీల్‌ను ఒళ్లో వెల్లకిలా పడుకోబెడతారు. ఎడమచేతి వేలు తీగను ఎక్కడా నొక్కదు. ఈ కడ్డీ తీగల మీద ఆనీ ఆనకుండా జారుతుంది. మెట్లు కూడా పేరుకే, పైన గీసిన గీతలు. కడ్డీ సరిగ్గా గీత మీద ఉంటే శ్రుతి, వెంట్రుకవాసి తప్పితే అపశ్రుతి.

మనకిది బొత్తిగా కొత్త విద్య కాదు. మెట్లు లేని వీణ మీద కొయ్యముక్క జార్చి వాయించే గోటువాద్యం ప్రస్తావన, తంజావూరు రఘునాథ నాయకుడు 17వ శతాబ్దంలో తెలుగులో రాసిన 'శృంగార సావిత్రి'లో ఉందని సంగీత చరిత్రకారులు చూపిస్తారు. చిత్రవీణ అన్నా అదే. గిటారు మీద ఇనుము జార్చడం హవాయి దీవుల్లో జోసెఫ్ కెకుకు అనే బడిపిల్లవాడు 1889 ప్రాంతంలో మొదలుపెట్టాడంటారు.

ఈ కడ్డీతో నేను వాయించాలనుకున్నది జాజ్, చిక్కల్లా దానితోనే. జాజ్ వాళ్లు 'స్టాండర్డ్స్' అనేవి చాలావరకు పాత బ్రాడ్‌వే నాటకాల పాటలూ, హాలీవుడ్ సినిమా పాటలూ. పాట ఒకటే, దాని కింద కార్డులు (కలిసి మోగే స్వరాల గుంపులు) మాత్రం ఒకటి రెండు ఆవర్తాలకోసారి మారిపోతుంటాయి. పియానో వాయించేవాడికి పది వేళ్లున్నాయి. మనకున్నది ఒక్క తిన్నని కడ్డీ. అది ఆరు తీగల్నీ ఒకే గీత మీద తాకుతుంది కాబట్టి, తీగల్ని ఏ వరసలో శ్రుతి చేశామో ఆ ఒక్క కార్డే కిందా మీదా జరుగుతుంది. అందుకే జాజ్‌కి చాలామంది ఎంచుకునే శ్రుతి సి-సిక్స్త్. మన లెక్కలో మందమైన తీగ నుంచి స గ ప ద స గ. మోహనంలో రిషభం తీసేస్తే మిగిలేది.

ఇక్కడ కాసేపు ఆగాలి, విద్య మొత్తం ఇక్కడే ఉంది. జాజ్ పాటల్లో మాటిమాటికీ వచ్చే నడక రెండు-ఐదు-ఒకటి: రిషభం మీది మైనర్ సెవెన్త్, పంచమం మీది సెవెన్త్, చివరికి షడ్జమం మీది మేజర్ సెవెన్త్. వీటిని పూర్తిగా పట్టుకోబోతే కడ్డీ లొంగదు. కాబట్టి రెండేసి స్వరాలు తీసుకుని మిగతావి వదిలెయ్యాలి. మనకి దూరంగా ఉన్న సన్న తీగ ఒకటోది అనుకుంటే, రెండో తీగ, నాలుగో తీగ చాలు. కడ్డీని ఐదో మెట్టు మీద తిన్నగా పెట్టండి: స, మ. ఇప్పుడు కడ్డీ ముక్కు, అంటే అవతలి గుండ్రటి కొస, కదలకుండా, మీ వైపున్న తోకను మాత్రం ఒక మెట్టు వెనక్కి లాగండి: ని, మ. తర్వాత ముక్కును కూడా వెనక్కి తెచ్చి నాలుగో మెట్టు మీద తిన్నగా చెయ్యండి: ని, గ. మూడు కార్డులూ అయిపోయాయి, చెయ్యి కదిలింది ఒక్క మెట్టు. మూల స్వరం సంగతి బేస్ వాయించేవాడు చూసుకుంటాడు, మిగతాది వినేవాడి చెవి నింపుకుంటుంది. జోసెఫ్ కొస్మా 1945లో స్వరపరిచిన బాణీ, ఇప్పుడు అందరూ 'ఆటమ్ లీవ్స్' అనే పాట, ఈ-మైనర్ (E) శ్రుతిలో ఎత్తుకుంటే మొదటి మూడు కార్డులకీ ఇదే కదలిక, పన్నెండో మెట్టు నుంచి పదకొండుకి.

చెప్పడం తేలికే. కడ్డీ వంచినప్పుడు రెండు కొసలూ గీతల మీద నిలవడానికి నాకు నెలలు పట్టింది.

మోగిన తీగను ఆపడం కూడా నేర్చుకోవాలి. కార్డు మారాక పాత స్వరం వేలాడితే పాట బురదైపోతుంది. కడ్డీ వెనక ఉంగరపు వేలూ చిటికెన వేలూ తీగల మీద ఈడ్చుకుంటూ రావాలి, కుడిచేతి అంచు తీగల్ని ఎప్పటికప్పుడు నొక్కేస్తుండాలి. మనవాళ్లకి ఇంకో జబ్బుంది, జారుడు. గమకానికి అలవాటుపడ్డ చెవి ప్రతి స్వరాన్నీ పక్కదానిలోకి లాగుతుంది. జాజ్‌లో అలా చేస్తే లయ చస్తుంది. నాలుగు స్వరాలు తుంచినట్టు పలికితే ఐదోదాన్ని జార్చుకోవచ్చు.

పాత వాయిద్యమే ఎందుకు అనొచ్చు. 1950ల నుంచి, కాలితో తొక్కి తీగల శ్రుతి మార్చుకునే పెడల్ స్టీల్ గిటార్లు బాగా వ్యాపించాయి. బడ్డీ ఎమన్స్ 1963లో 'స్టీల్ గిటార్ జాజ్' అనే రికార్డు చేసింది అలాంటిదాని మీదే. గొప్ప రికార్డు. అయినా నా ఓటు అంతకుముందు వాళ్లకే, లాస్ ఏంజిలస్‌లో ఒఠ్ఠి కడ్డీతో జాజ్ వాయించిన హవాయి మనిషి సోల్ హూపీకే. ఆ కాలంలోనే, తర్వాత రికెన్‌బాకర్‌గా పేరుపడ్డ కంపెనీ 1932లో అమ్మకానికి పెట్టిన అల్యూమినియం గిటారుకు 'పెనం' అని ముద్దుపేరు. స్టేజీ దీపాల వేడికి లోహం సాగి శ్రుతి తప్పేది, అందుకే 1935కల్లా బేకలైట్ తెచ్చారు. మే నెలలో ఉప్పల్ చౌరస్తాలో ఆ పెనం ఎలా పలికేదో ఆలోచించండి.

మన దేశంలో ఈ గిటారు పాదుకున్నది కలకత్తాలో. హవాయి సంగీతం వాయించే టౌ మో కుటుంబం 1940లలో అక్కడ ఉంది, అదే కాలంలో టెడ్డీ వెదర్‌ఫోర్డ్ గ్రాండ్ హోటల్‌లో జాజ్ పియానో వాయించేవాడు. తర్వాత బ్రిజ్ భూషణ్ కాబ్రా, విశ్వమోహన్ భట్ దీన్ని హిందుస్తానీ రాగానికి తిప్పారు. రాగం గెలిచింది, కార్డు వెనకబడింది. పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ పరాయి వాయిద్యం మీద కర్ణాటక సంగీతం పలికించి, జాజ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన కూర్చుని వాయించాడు. అలాగే ఈ కడ్డీ మీద కార్డులు నేర్చుకునే తెలుగు పిల్లలు కూడా ఉండాలి.

మీ అటక మీద పాత హవాయిన్ గిటారు ఉంటే పాత సామాన్లవాడికి వెయ్యకండి. దించి, ఈ శ్రుతికి సరిపడే తీగలు వేయించండి. మామూలు గిటారు తీగల్నే ఇంత పైకి బిగిస్తే తెగి మొహం మీద కొడతాయి.