కిలో లెక్కన కొన్న ఆట

"రెండు సైకిల్ చక్రాలు కావాలె సేట్. ఒకటి పెద్ద సైకిల్‌ది, ఒకటి పిల్లలది. రెండూ ఇనుపవే ఉండాలె" అన్నాను.

మద్నూర్‌లో మా వీధి చివరన ఉన్న భంగార్ దుకాణం సేట్ కాటా మీంచి చూపు తిప్పకుండానే "టైర్లు?" అన్నాడు. వద్దన్నాను. "ట్యూబులు?" అవీ వద్దన్నాను. "మరి సైకిల్ ఎట్ల నడుస్తది సార్?" సైకిల్ కోసం కాదని చెప్పేసరికి తలెత్తి నన్ను ఎగాదిగా చూశాడు. ఏళ్ల తరబడి పాత పేపర్లు, పగిలిన బకెట్లు అమ్మడానికే ఆ దుకాణం మెట్లెక్కిన మనిషిని. కొనడానికి పోవడం అదే మొదలు.

కథ మా అల్లుడితో మొదలైంది. అక్క కొడుకు, డాలస్‌లో ఉంటాడు. దసరాకు వచ్చినప్పుడు సంచిలోంచి మూడు ప్లాస్టిక్ పళ్లేలు తీశాడు. "ఇందులో ఏం తింటార్రా?" అన్నాను. "తినేది కాదు మామా, విసిరేది. డిస్క్ గోల్ఫ్" అన్నాడు. గోల్ఫ్‌లో బంతిని కర్రతో కొట్టి గుంతలో వేస్తారు. ఇక్కడ డిస్కును చేత్తో విసిరి, గొలుసులు వేలాడే ఇనుప బుట్టలో పడేస్తారు. ఎవరు తక్కువ విసుర్లలో ముగిస్తే వాళ్లదే గెలుపు. గడ్డి కోయించనక్కర్లేదు, నీళ్లు పెట్టనక్కర్లేదు, క్లబ్బు సభ్యత్వం అక్కర్లేదు. పత్తి ఏరేసిన చేనైనా చాలు.

వాడు డిస్కులైతే తెచ్చాడు గానీ బుట్ట తేలేదు. పాతిక కిలోల ఇనుమును విమానంలో ఎవడు మోస్తాడు? అందుకని వేపచెట్టునే గురిగా పెట్టుకున్నాం. పావుగంట గడవకముందే వీధి పిల్లలు రెండు జట్లయ్యారు. "తాకింది!" "తాకలే!" చిర్రగోనె ఆడేటప్పుడు మా చిన్నతనంలో పడిన కొట్లాటే మళ్లీ మొదలైంది. డిస్కు ఆకును తాకిందా, మొద్దును తాకిందా అన్నది తేలక ఇద్దరు ఏడుస్తూ ఇంటికి పోయారు.

ఈ గొలుసుల బుట్ట పుట్టిందీ అలాంటి తగువులోంచే. ఎడ్ హెడ్రిక్ అనే ఆయన వామ్-ఓ కంపెనీలో పనిచేసేవాడు. ఫ్రిస్బీ అనే విసిరే డిస్కు సూటిగా ఎగిరేలా మెరుగుపరిచింది ఆయనే. 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో మొదటి శాశ్వత డిస్క్ గోల్ఫ్ మైదానం ఏర్పాటు చేశాడు. అక్కడ గురి ఉత్త స్తంభమే. డిస్కు స్తంభాన్ని తాకిందా లేదా అన్న వాదనలు విని విని విసిగిపోయి, కొడుకుతో కలిసి గొలుసుల బుట్టను తయారుచేశాడు. 1977లో దానికి పేటెంటు వచ్చింది. డిస్కు బుట్టలో ఉంటే ఉన్నట్టు, కింద పడితే పడినట్టు. పంచాయితీ పెట్టే పనే లేదు.

అల్లుడు వెళ్లిపోయాడు. మూడు డిస్కులూ, వాటికోసం రోజూ సాయంత్రం మా గడపలో కూర్చునే ఏడెనిమిది మంది పిల్లలూ మిగిలారు. బుట్ట నేనే చేద్దామనుకున్నాను.

మొదటి తప్పు కొత్త సామానుతో మొదలుపెట్టడం. హార్డ్‌వేర్ దుకాణంలో వెల్డింగ్ జాలీ కొని, గుండ్రంగా చుట్టి, ఒక గుంజకు బిగించాను. చూపుకు ముచ్చటగా ఉంది. డిస్కు వేస్తే టంగుమని తగిలి, తిరిగి విసిరిన పిల్లాడి కాళ్ల దగ్గరికే వచ్చిపడింది. పది సార్లు వేస్తే పది సార్లూ అంతే. బిగుతుగా ఉన్నది ఏదైనా డిస్కును వెనక్కి కొడుతుందని తెలుసుకోవడానికి ఆరు వందల రూపాయలు పోయాయి. ఆ జాలీ ఇప్పుడు మా ఇంట్లో కోళ్ల గూటికి తలుపు.

తర్వాతే కాస్త బుర్ర పెట్టి ఆలోచించాను. గిరగిరా తిరుగుతూ వచ్చే నూట డెబ్బై గ్రాముల డిస్కును ఏం చేస్తే ఆగుతుంది? దాని ఊపును ఎవరో పంచుకోవాలి. వదులుగా వేలాడే గొలుసు చేసే పని అదే. ఒక్కో లింకూ కదిలి, పక్కదాన్ని కదిలించి, ఒకదానికొకటి రాసుకుని ఆ ఊపును తినేస్తాయి. ఊపు చచ్చిన డిస్కు నిలువునా కింద పడుతుంది. గొలుసు పని పట్టుకోవడం అనుకున్నాను గానీ, అది చేసేది అలసట పుట్టించడం. పట్టుకునేది కింద ఉన్న బుట్ట. ఏ భాగం ఏ పని చేస్తుందో అర్థమయ్యాక గానీ దేనికి బదులు ఏది వాడొచ్చో తెలియలేదు. అది తెలియకుండా చవక సామాను కోసం తిరిగితే కోళ్ల గూటి తలుపులే మిగులుతాయి.

చక్రాల సంగతి చూద్దాం. పోటీలకు వాడే బుట్టల్లో కింది పళ్లెం వ్యాసం 65 సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. గొలుసులు వేలాడే పై చట్రం 55 దాకా. పళ్లెం అంచు నేల నుంచి 82 సెంటీమీటర్ల ఎత్తున, అంటే నడుం దగ్గర ఉంటుంది. టేపు పట్టుకుని ఇల్లంతా కొలుస్తూ పోతుంటే, నాన్న తొక్కిన 28 అంగుళాల సైకిల్ రింగు సరిగ్గా అరవై అయిదు తేలింది. పిల్లల 24 అంగుళాల సైకిల్ రింగు యాభై అయిదుకు దగ్గర్లో ఆగింది. ఆ రెండు కొలతలూ చీటీ మీద రాసుకుని, జేబులో అయస్కాంతం ముక్క పెట్టుకుని భంగార్ దుకాణానికి పోయాను. అయస్కాంతం ఎందుకంటే, అల్యూమినియం రింగుకు మామూలు వెల్డింగ్ పట్టదు. అయస్కాంతానికి అంటుకున్నదే మనకు పనికొస్తుంది.

పిల్లల చక్రాన్ని పుల్లలతో, నడిమి గుండుతో సహా అలాగే ఉంచేశాను. గుండు ఇరుసును, గుంజగా పెట్టిన పైపు నోట్లో దించి వెల్డింగ్ చేయిస్తే, చక్రం గొడుగులా పైన నిలబడింది. పుల్లలు పీకేయకపోవడం వల్ల ఇంకో లాభం కూడా ఉంది. సైకిల్ పుల్లలు నిటారుగా పోవు, మధ్యలో ఒకదాన్నొకటి దాటుతాయి. ఆ దాటే చోట తీగ కడితే అటూ ఇటూ జారదు. అంచున పన్నెండు గొలుసులు, పుల్లలు కలిసే చోట లోపలి వరసగా పన్నెండు. అన్నిటి కొసలనూ కింద ఒక చిన్న రింగుకు, బిగువు లేకుండా కట్టాలి.

గొలుసు దగ్గర చాలా తిరిగాను. ముందు సైకిల్ చైన్లు వాడాను, మెకానిక్ ఊరికే ఇచ్చాడు. సైకిల్ చైను ఒక్క వైపే వంగుతుంది. పక్కనుంచి కొడితే కర్రలా నిలబడి డిస్కును నెట్టేస్తుంది. పైగా గ్రీజు మరకలు. తర్వాత బర్రెలు అమ్ముకున్న ఇళ్లకు పోయి, కొట్టంలో దూలాలకు వేలాడుతున్న బర్రెల గొలుసులు అడిగి తెచ్చాను. అవి బాగా వంగుతాయి గానీ ఒకటి లావు, ఒకటి సన్నం. సన్నవి పక్కకు తప్పుకుని సందు ఇస్తే డిస్కు అటునుంచి ఇటు దూసుకుపోయేది. లారీలకు సరుకు కట్టే గొలుసు కూడా చూశాను. మన ఊరి మీదుగా పోయే 161వ జాతీయ రహదారి పక్కన అలాంటివి కావలసినన్ని దొరుకుతాయి. అంత లావు గొలుసు గోడతో సమానం.

చివరికి మహారాష్ట్ర ఎల్ల దాటి దెగ్లూర్ పోయి, ఒకే మందం గొలుసు పదిహేను మీటర్లు కొన్నాను. మన ఎల్లలో బజారుకు పోతే ఒక్క వస్తువుకు నాలుగు పేర్లు తెలిసుండాలి. గొలుసు అన్నాను, జంజీర్ అన్నాను, చివరికి సాఖళీ అంటే కొట్టతను లోపలికి పోయి తెచ్చాడు. మొత్తం ఖర్చులో సగం పైగా దానికే అయింది. అక్కడ పిసినారితనం చేయకూడదని అప్పటికే నేర్చుకున్నాను.

పళ్లెం అడుగుకు సామాను పత్తి నుంచి వచ్చింది. మద్నూర్‌లో జిన్నింగ్ మిల్లులకు కొదవ లేదు. పత్తిని బేలుగా ఒత్తి కట్టేటప్పుడు తెగిన ఇనుప పట్టీల ముక్కలు ఒక మూలన కుప్పగా పడి ఉంటాయి. అడిగితే కిలో లెక్కన ఇచ్చారు. మన దేశంలో పత్తి బేలు బరువు 170 కిలోలు. దాన్ని బిగించి ఉంచే పట్టీ 170 గ్రాముల డిస్కును మోయలేదా అని నవ్వుకున్నాను. కానీ పట్టీలను ఎలా అల్లినా అడుగు వదులై సంచిలా కిందికి జారేది. బుట్టలల్లే మేదరి అవ్వ దగ్గరికి తీసుకుపోయి చూపించాను. ఆమె పెద్ద రింగు వైపు చూసి నవ్వింది. "అంచు ముందుగాల పెట్టుకుని అడుగు దేవులాడుతున్నవా బిడ్డా? అడుగు అల్లినంక అంచు కట్టాలె." నాలుగు పట్టీలు నేల మీద పరచి, పైపు పట్టేంత సందు నడుమ వదిలి, ఒకటి పైన ఒకటి కింద అల్లి చూపించింది. ఆ తర్వాత కొసలు జానెడు ఎత్తు పైకి వంచి రింగుకు చుట్టాం. వెదురు బద్దకు చెల్లే లెక్క ఇనుప పట్టీకీ చెల్లింది.

పట్టీ అంచులు బ్లేడు లాంటివి. బుట్టలో చేయి పెట్టేది పిల్లలు. ఆకురాయితో అరగదీసినా మనసు ఒప్పలేదు. సైకిల్ ట్యూబును నిలువునా కోసి అంచులకు తొడిగితే మెత్తగా ఉంటుందని తట్టింది. మళ్లీ భంగార్ దుకాణానికే పోయాను. "ట్యూబులు వద్దంటివి గద సార్" అన్నాడు సేట్. మొదటిరోజు ఊరికే ఇచ్చేవాడు, ఈసారి కాటా మీద పెట్టాడు.

వెల్డింగ్ షాపులో ఒక జాగ్రత్త నేర్చుకున్నాను. జీఐ పైపును అలాగే వెల్డింగ్ చేస్తే పైన ఉన్న జింకు పూత తెల్లటి పొగై లేస్తుంది. అది పీల్చితే రాత్రికి చలిజ్వరం వస్తుంది. "అతుకు పెట్టే చోట పూత గీకినంకనే మంట పెడ్త సార్" అన్నాడు వెల్డర్. ఇంట్లో చేసుకునేవాళ్లు ఈ ఒక్క మాట మరవొద్దు.

ఇక నిలబెట్టడం. మనది నల్లరేగడి. వానాకాలం నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండాకాలం చేయి దూరేంత నెర్రెలు విచ్చుతుంది. పాతిన గుంజ ఏడాది తిరిగేసరికి ఒరిగిపోవడం మనందరికీ తెలిసిన సంగతే. అందుకని పాతలేదు. పంక్చర్ షాపులో పడేసిన కారు టైరు తెచ్చి, నడుమ పైపు నిలిపి, కాంక్రీటు పోశాను. కదిలించాలంటే కాస్త ఒంచి బండి చక్రంలా దొర్లించడమే. ఇవాళ బడి ముందు, రేపు చెరువు గట్టున. ఒక్క బుట్టతోనే మైదానం మారిపోతూ ఉంటుంది.

ఉన్నదాంతో సరిపెట్టుకోవడం తక్కువ పని అనుకునేవాళ్లకు రెండు సంగతులు చెప్పాలి. 1891 డిసెంబర్‌లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ కొత్త ఆట కోసం రెండు చెక్కపెట్టెలు అడిగాడు. పెట్టెలు దొరకలేదు, కాపలాదారు పీచ్ పళ్ల బుట్టలు తెచ్చిచ్చాడు. వాటిని మేకులతో కొట్టిన వ్యాయామశాల బాల్కనీ రెయిలింగు పదడుగుల ఎత్తున ఉంది. బాస్కెట్‌బాల్ రింగు ఈనాటికీ పదడుగుల ఎత్తునే ఉంది. ఫ్రిస్బీ సంగతీ అంతే. ఫ్రెడ్ మారిసన్ అనే కుర్రాడు సముద్రపు ఒడ్డున కేకు చేసే రేకు పళ్లెం విసురుతూ ఆడుతుంటే, ఎవరో దాన్ని పావు డాలరుకు అడిగారు. కొట్లో దాని ధర అయిదు సెంట్లు. ఆ బేరం నుంచి నడిచిన దారే 1957లో వామ్-ఓ అమ్మకానికి పెట్టిన ప్లాస్టిక్ డిస్కు దాకా పోయింది.

మా పిల్లలూ ఆ దారిలోనే ఉన్నారు. మూడు డిస్కులు ఎనిమిది మందికి చాలక పెయింటు డబ్బా మూతలు పట్టుకొచ్చారు. అంచు మందంగా, లోతుగా ఉన్న మూత నిలకడగా ఎగురుతుందనీ, పల్చటిది గాలికి తిరగబడుతుందనీ నేను చెప్పకముందే కనిపెట్టారు. ఇప్పుడు ఊళ్లో ఎవరింటికి రంగులేస్తున్నా కబురు ముందు వీళ్లకే తెలుస్తుంది.

మొదటిరోజు కింది రింగును కాస్త గట్టిగా కట్టానేమో, డిస్కును మళ్లీ వెనక్కి కొట్టింది. ముడి విప్పి నాలుగు వేళ్లంత వదులు చేశాను. మా పక్కింటి పిల్ల ఇరవై అడుగుల నుంచి విసిరింది. గొలుసులన్నీ ఒక్కసారి జల్లుమన్నాయి. డిస్కు ఒక్క క్షణం వాటిలో తడబడి పళ్లెంలో పడింది. తాకిందా లేదా అని ఎవరూ అడగలేదు.

ఆ చప్పుడుకే అనుకుంటాను, మరుసటి వారం సేట్ తన దుకాణం మూసి వచ్చాడు. చుట్టూ తిరిగి చూశాడు. తన చక్రాలను గుర్తుపట్టాడు. రెండు చేతులతో బుట్టను కాస్త లేపి, బరువు అంచనా కట్టాడు.

"ఎంత పడ్డది సార్ మొత్తం?"

"వెల్డింగ్ కూలితో కలిపి 1,840. ఆ జాలీ తప్పు లెక్కలో లేదు."

"టైరు, సిమెంటు తీసేస్తే పదిహేను కిలోల ఇనుము ఉంటది" అన్నాడు. "ఇరిగినా, తుప్పు పట్టినా పారెయ్యకు. ఆ పొద్దు ఏ రేటుంటే ఆ రేటుకు నేనే కొంట."

చవక అంటే కొనేటప్పటి ధర ఒక్కటే చూసుకున్నాను ఇన్నాళ్లూ. ఆయన విరిగినప్పటి ధర కూడా కలిపి చెప్పాడు. "ఒకసారి వేసి చూడరాదు సేట్" అని పెయింటు మూత చేతికిచ్చాను. వేశాడు. వేపచెట్టుకు తగిలింది.