అద్దం పెట్టేముందు

163వ నంబరు జాతీయ రహదారి మీద ఏటూరునాగారం దాటి వెళ్తే, ఆ రోడ్డు ఆగేది భోపాల్‌పట్నంలో. ఊరు ఛత్తీస్‌గఢ్‌ది. తెలుగు, గోండి, హిందీ మూడూ వినబడతాయి. అక్కడొక ఆఫీసులో ఫైళ్లు తెరుచుకోవడానికి నిమిషాలు పడుతోందంటే వెళ్లాను. 15 కంప్యూటర్లు, 24 పోర్టుల స్విచ్ ఒకటి.

పాత హబ్‌ల పని దండోరా లాంటిది, ఒకరికి చెప్పింది అందరికీ వినబడేది. స్విచ్ అలా కాదు, ఎవరి ఉత్తరం వాళ్ల గుమ్మంలోనే వేస్తుంది. పక్కవాళ్ల ట్రాఫిక్ చూడాలంటే, ఫలానా పోర్టులో వచ్చేదీ పోయేదీ ఇంకో నకలు తీసి నా పోర్టుకి పంపమని దానికి చెప్పాలి. అదే పోర్ట్ మిర్రరింగ్, అంటే పోర్టుకి అద్దం పెట్టడం. సిస్కో వాళ్లు స్పాన్ అంటారు.

నేను ల్యాప్‌టాప్ తెరవగానే పక్క బల్ల దగ్గరి అక్క అడిగింది: "తమ్మీ, మేం ఎవరికి ఏం రాసుకున్నా నీకు కనపడతదా?"

ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. ఎవరు ఎవరి మాట వింటున్నారోనన్న బెంగ ఆ ప్రాంతానికి కొత్త కాదు. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు 9 మంది న్యాయమూర్తులూ ఒక్క మాటగా చెప్పారు. ఆ హక్కు ఈ అక్కది కూడా. "రాసింది చాలావరకు తాళం వేసి ఉంటదక్కా. ఏ సైటు తెరిచారో పేరు మాత్రం కనపడొచ్చు" అన్నాను. అందరినీ పిలిచి ఎందుకు చూస్తున్నానో, ఎంతసేపు చూస్తానో చెప్పాను. ప్రతి ప్యాకెట్‌లో మొదటి 96 బైట్లే పట్టుకునేలా, ప్యాకెట్లు చూసే వైర్‌షార్క్ ప్రోగ్రామ్‌ని కుదించాను.

బయటి లైను పోర్టులో రద్దీ లేదు. ఫైళ్లుండే సర్వర్ 7వ పోర్టులో ఉంది. అక్కడ అద్దం పెడితే, "ఆ ముక్క అందలేదు, మళ్లీ పంపు" అని కంప్యూటర్లు పదేపదే అడుగుతున్నాయి. పోయిన ముక్కలు మాత్రం అద్దంలో ఎక్కడా లేవు. చెడిపోయి వచ్చిన ఫ్రేమ్‌ని స్విచ్ గుమ్మంలోనే పారేస్తుంది, దానికి నకలు తీయదు. అందుకే ఆ పోర్టు లెక్కలు విడిగా చూశాను. సీఆర్‌సీ ఎర్రర్లు, అంటే చెడిపోయి వచ్చిన ఫ్రేమ్‌ల లెక్క, చూస్తుండగానే పెరుగుతున్నాయి.

బీరువా వెనక కేబుల్‌ని ఎలుక కొరికేసింది. పైతొడుగు పోయి రెండు తీగలు తేలి ఉన్నాయి. కొత్తది వేశాక అంకె కదల్లేదు.

సామాను సర్దుతుంటే అక్క మళ్లీ వచ్చింది. "ఆ అద్దం తీసేసినవా?"

కూర్చోబెట్టి, ఆమె చూస్తుండగానే మిర్రరింగ్ సెషన్ తీసేసే కమాండ్ కొట్టాను. జాబితా అడిగితే తెర మీద ఒక్క సెషనూ లేదు. ఆమె అది చదివాకే ల్యాప్‌టాప్ మూశాను.