అప్పాజీ అద్దె, ఆంజనేయులు అమాయకత్వం

ఆదివారం రాత్రి ఎనిమిదిన్నర. మర్నాడు బడి ఉందన్న దిగులు పిల్లలకూ, ఆఫీసుందన్న నీరసం పెద్దలకూ మొదలయ్యే వేళ. 2001 నవంబరు 18 నుంచి ఆరేళ్లపాటు జెమిని టీవీలో ఆ వేళను ఏలింది ‘అమృతం’. గుణ్ణం గంగరాజు నిర్మించిన ఈ ధారావాహిక 313 భాగాలు నడిచింది. ఇంటిల్లిపాదీ కంచాలు టీవీ ముందుకు తెచ్చుకుని నవ్వారు. అయినా తెలుగు హాస్యం గురించి మాట్లాడేవాళ్లు సాధారణంగా గిరీశం దగ్గర మొదలుపెట్టి, గణపతినీ బారిష్టర్ పార్వతీశాన్నీ పలకరించి, జంధ్యాల సినిమాల దగ్గర ఆగిపోతారు. టీవీ హాస్యాన్ని కాలక్షేపం ఖాతాలో జమకట్టేస్తారు. అన్యాయమే!

ఆ వరుసలో అమృతానికి అసలు పుట్టిల్లు మునిమాణిక్యం నరసింహారావు ‘కాంతం కథలు’. మునిమాణిక్యం వృత్తిరీత్యా బడిపంతులు. ఆయన కథల్లోనూ పంతులుగారి జీతం, పిల్లల అల్లరి, అత్తారింటి ముచ్చట్లు, ఆలుమగల మాటకు మాట తప్ప పెద్ద సంఘటనలేవీ ఉండవు. కథ చెప్పేది భర్త. ఓడిపోయేదీ అతనే. తనంత తెలివైనవాడు లేడన్న ధీమాతో మొదలుపెడతాడు, కాంతం ఒక్క మాటకు చల్లబడిపోతాడు. చెప్పేవాడు నవ్వును తనమీదికే మళ్లించుకోవడంలో ఉంది ఆ పనితనమంతా. అలా చేస్తే ఇల్లు నవ్వులపాలు కాదు, ఇంట్లో నవ్వు మాత్రం మిగులుతుంది.

‘అమృతం’ కథానాయకుడు అమృతరావుదీ అదే జాతకం. అతనూ స్నేహితుడు ఆంజనేయులూ అప్పాజీ ఇంట్లో అద్దెకుంటారు, కలిసి ‘అమృత విలాస్’ హోటల్ నడుపుతారు. వడ్డించడానికి సర్వం ఉంటాడు. ఇళ్లలో వాళ్ల భార్యలు సంజీవిని, శాంత. అంతే సరంజామా. ఇంత తక్కువలో 313 భాగాలు లాగాలంటే కథనంలో గట్టి కిటుకు ఉండాలి. అది అద్దెలో ఉంది. నెల తిరిగేసరికి అప్పాజీ గుమ్మంలో ప్రత్యక్షమవుతాడు, అమృతరావుకు రాత్రికి రాత్రి డబ్బున్నవాడైపోవాలనిపిస్తుంది. ఒక పథకం పుడుతుంది. దాన్ని నిలబెట్టడానికి ఒక అబద్ధం, ఆ అబద్ధాన్ని కప్పడానికి ఇంకోటి. బరువంతా చివరికి ఆంజనేయులి నెత్తిన. అరగంట తిరిగేసరికి అన్నీ కూలి, అందరూ మొదలుపెట్టిన చోటికే చేరతారు. అద్దె బాకీ మాత్రం అలాగే ఉంటుంది. పైవారం మళ్లీ మొదలుపెట్టుకోవడానికి అంతకన్నా ఏం కావాలి?

అప్పాజీలాంటి పిసినారి మనకు కొత్తవాడేం కాదు. ‘అహ నా పెళ్లంట’లో కోట శ్రీనివాసరావు వేసిన లక్ష్మీపతి పైన కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ అన్నం తింటాడు. ఆ అతి చూసి థియేటర్లు ఘొల్లుమన్నాయి. శివన్నారాయణ చేసిన అప్పాజీకి అంత హంగు అక్కర్లేదు. అద్దె గురించి రెండు ముక్కలంటే చాలు. అద్దిళ్లలో బతికిన కుటుంబాలకు ఆ గొంతు ముందే తెలుసు.

ఇక ఆంజనేయులుగా గుండు హనుమంతరావు. అమృతరావు పథకం వివరిస్తుంటే ఆయన మొహం చూడాలి. ముందు ఏమీ అర్థంకాని ఖాళీ చూపు. తర్వాత చిన్న అనుమానం. ఆ అనుమానం నోటిదాకా వచ్చేలోపే స్నేహితుడి మీద నమ్మకం దాన్ని మింగేస్తుంది. నవ్వించేది అతని తెలివితక్కువతనం కాదు, ఆ నమ్మకం. అమృతరావు పాత్రను శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్ ముగ్గురూ పోషించారు. కథానాయకుడి మొహం మారినా జనం పెద్దగా పట్టించుకోలేదంటే, పక్కన ఆంజనేయులు, అప్పాజీ, సర్వం కదలకుండా ఉండబట్టే.

మొదట్లో దర్శకత్వ బాధ్యత తీసుకున్న చంద్రశేఖర్ యేలేటి తర్వాత ‘ఐతే’ సినిమా తీశారు. సిరివెన్నెల రాయగా కల్యాణి మాలిక్ స్వరపరిచిన టైటిల్ పాట, కష్టాన్ని మరీ నెత్తికెత్తుకోవద్దని ఇంటి భాషలో చెప్పింది. ధారావాహిక చూడనివాళ్లకూ ఆ పాట నోటికొచ్చు.

అన్ని భాగాలూ ఒకే ఎత్తున లేవు. సాగదీసినవీ, వెటకారం శ్రుతిమించినవీ ఉన్నాయి. ఈ హాస్యం దేనిమీద నిలబడిందో మాత్రం 2014లో వచ్చిన ‘చందమామలో అమృతం’ సినిమా తేల్చేసింది. హోటల్ పెట్టడానికి అందరూ చంద్రమండలం వెళ్తారు. ఊహ పెద్దదే, ఖర్చూ ఎక్కువే. కానీ పక్కింటి తలుపు, నెలాఖరు భయం లేనిచోట పాత్రలు బరువు కోల్పోయి తేలిపోయాయి. గురుత్వాకర్షణ గురించి కాదు, కథ గురించే ఈ మాట.

హనుమంతరావు 2018లో కన్నుమూశారు. 2020 ఉగాదికి జీ5లో ‘అమృతం ద్వితీయం’ వచ్చినప్పుడు ఆంజనేయులి చొక్కా ఎల్.బి.శ్రీరామ్ తొడుక్కున్నారు. ఆయన నటనకు వంక పెట్టలేం. అయినా యూట్యూబ్‌లో పాత భాగాలు వెతుక్కునేవాళ్లు తగ్గలేదు. డల్లాస్‌లో అయినా దిల్‌సుఖ్‌నగర్‌లో అయినా, ఇంట్లో ఎవరైనా కొత్త వ్యాపారం మాటెత్తితే అతనికి ‘అమృతం’ అని పేరు పడుతుంది. వెనకాల తల ఊపేవాడు ఎటూ ఆంజనేయులే.