తీర్థంలో బుడగలు, తెరమీద గ్రహాంతర పీతలు

కోనసీమ పిల్లల చేతికి మొదట వచ్చే తుపాకీ దీపావళికి కొనే రీలు తుపాకీ. రెండోది తీర్థంలో బుడగల కొట్టు దగ్గరి ఎయిర్ గన్. మొదటిదానికి చప్పుడే తప్ప గురితో పనిలేదు. రెండోదానితో గురి మొదలవుతుంది, నలుగురి ముందు పరువు పోయే ప్రమాదమూ మొదలవుతుంది.

కనుమ రోజున అంబాజీపేట మండలం మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటకు పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రులు ప్రభల మీద తరలివస్తారు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక కాలువ నీళ్లలో దిగి అవతలి ఒడ్డెక్కేదాకా చూసేవాళ్ల ప్రాణం నిలవదు. 2023 రిపబ్లిక్ డే కవాతులో ఢిల్లీ కర్తవ్యపథ్ మీద ఆంధ్రప్రదేశ్ శకటంగా కదిలింది ఈ ప్రభల తీర్థమే. ప్రభలకు దణ్ణం పెట్టుకున్నాక కుర్రకారు కాళ్లు కొట్లవైపు తిరుగుతాయి. జీళ్లు, ఖర్జూరాలు, గాజుల బళ్లు దాటాక బోర్డు మీద వరుసలుగా గుచ్చిన బుడగలు కనిపిస్తాయి.

అక్కడ ఉండేది మామూలుగా స్ప్రింగు గన్ను. గొట్టాన్ని కిందికి విరిచినట్టు వంచితే లోపలి స్ప్రింగు బిగుసుకుంటుంది. సీసపు గుండు పెట్టి మళ్లీ నిలబెడితే సిద్ధం. ట్రిగ్గర్ నొక్కగానే స్ప్రింగు విడివడి గాలిని నెడుతుంది, గాలి గుండును నెడుతుంది. చిక్కు అక్కడే ఉంది. గుండు గొట్టం దాటేలోపే స్ప్రింగు అదురుకు గన్ను కదిలిపోతుంది. ఆ అదురును బలంగా ఆపాలని చూస్తే గుండు ఒక్కోసారి ఒక్కో పక్కకు పోతుంది. వదులుగా ఆనించుకుని దాని అదురు దానికి వదిలేసినవాడికే బుడగలు పగులుతాయి. గన్ను వంకరని కొట్టువాణ్ణి తిట్టుకుంటూ పోయేవాళ్లు ఓసారి తమ పిడికిలి కూడా చూసుకోవాలి.

బుడగలతో మొదలైన చెయ్యి ఎంతదూరం పోగలదో చెప్పడానికి హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ ఉన్నాడు. రెండేళ్ల వయసులో చెన్నై మెరీనా బీచ్‌లో బొమ్మ పిస్తోలుతో బుడగను కొట్టాడని వాళ్ల నాన్న చెప్పుకున్నారు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యం అతనిది. ఆ పోటీలో వాడే గుండు వ్యాసం 4.5 మిల్లీమీటర్లు. కొట్టాల్సిన నడిమి చుక్క 0.5 మిల్లీమీటరు.

1990లలో గురి ఇంట్లోకి వచ్చింది. టీవీకి తగిలించే వీడియో గేమ్ పెట్టెల్లో కొన్నిటితో పాటు ఒక ప్లాస్టిక్ తుపాకీ ఇచ్చేవారు. దాంతో బాతుల్ని కొట్టాలి. అది నింటెండో 1984లో తెచ్చిన డక్ హంట్. మన ఊళ్లలో ఆడినవి చాలావరకు దాని నకళ్లు. ఆ తుపాకీ నుంచి ఏ కిరణమూ బయటికి రాదు, గొట్టం లోపల వెలుగును పసిగట్టే చిన్న సెన్సర్ ఉంటుందంతే. ట్రిగ్గర్ నొక్కగానే తెర మొత్తం నల్లబడుతుంది, ఆ వెంటనే బాతు ఉన్నచోట తెల్లటి పలక వెలుగుతుంది. ఒక్కో బొమ్మ తెరమీద నిలిచేది సెకనులో అరవయ్యో వంతు కాబట్టి కంటికి ఇదంతా ఒక్క మెరుపు. ముందు చీకటి, వెంటనే వెలుగు సెన్సర్‌కు కనిపిస్తే బాతు పడుతుంది. ట్యూబులైటు వైపు తుపాకీ పెట్టి బాతుల్ని పడగొడదామనుకున్న గడుగ్గాయిలకు అడ్డుపడింది ఈ చీకటే. ఆట కోసం ట్యూబులైటు ఆరదు కదా!

బాతుల్ని కొడితే అడిగేవాడు లేడు. మనుషుల్ని కొట్టే ఆటలతోనే చిక్కు. జపాన్‌లో టైటో కంపెనీకి చెందిన తొమొహిరో నిషికాడో ఈ చిక్కును ముందే చూశాడు. మనుషుల్ని కాల్చే ఆట మంచిది కాదనిపించి, 1978లో వచ్చిన స్పేస్ ఇన్వేడర్స్ కోసం శత్రువుల్ని వేరే లోకం నుంచి తెచ్చాడు. హెచ్.జి. వెల్స్ నవలలోని ఆక్టోపస్‌లాంటి అంగారకవాసులు అతని మనసులో ఉన్నారు. అందుకే తెరమీద దిగినవి ఆక్టోపస్, స్క్విడ్, పీత రూపాలు. అంతర్వేది నుంచి ఓడలరేవు దాకా పీతను పులుసులోనే ఎరిగిన జనానికి, అది ఆకాశం నుంచి దండెత్తి వస్తే భయంకంటే ముందు ఆకలి పుడుతుంది.

గేమ్ పార్లర్లలో తుపాకీ, గ్రహాంతరజీవి కలిసి జనాన్ని లాగిన కాలం 1990లు. సెగా 1993లో ఏలియన్ 3: ది గన్ తెచ్చింది. ఆ మెషీన్‌కు రెండు తుపాకులు ముందుభాగానికే బిగించి ఉండేవి. అటారీ గేమ్స్ 1995లో తెచ్చిన ఏరియా 51లో తుపాకీని చేత్తో ఎత్తి పట్టుకోవచ్చు. పాత గాజు తెరమీద ఎలక్ట్రాన్ పుంజం పైనుంచి కిందికి గీత తర్వాత గీత గీసుకుంటూ పోతుంది. అది తుపాకీ చూపు ముందుకు ఏ క్షణాన వచ్చిందో దాన్నిబట్టి గురి ఎక్కడుందో మెషీన్ గుణించుకుంటుంది.

తీర్థంలో తేరిన చెయ్యి ఈ మెషీన్ ముందు తడబడుతుంది. బుడగ కదలదు, మీదికి రాదు. ఒక కన్ను మూసి, ఊపిరి బిగబట్టి ఎంతసేపైనా చూసుకోవచ్చు. వెనకున్నవాళ్లు విసుక్కుంటారంతే. తెరమీది జీవులు అంత గడువివ్వవు. ఒక కన్ను మూస్తే ఆ పక్కనుంచి దూకేది ఆలస్యంగా కనబడుతుంది. ఒలింపిక్ షూటర్లలో చాలామంది కూడా రెండు కళ్లూ తెరిచే ఉంచి, గురిచూడని కంటికి చిన్న అడ్డు మాత్రం పెట్టుకుంటారు. కన్ను అదేపనిగా మూసి ఉంచితే ముఖం బిగుసుకుని రెండో కన్నూ అలుస్తుంది మరి.

బేరం కూడా వేరు. కొట్టువాడు గుండ్లు అమ్ముతాడు. తగిలినా తప్పినా డబ్బు ముట్టినట్టే కాబట్టి ‘నిదానంగా చూసుకోండి బాబూ, ఆయ్’ అనగలడు. మెషీన్ అమ్మేది ప్రాణాలు. ఆటగాడు త్వరగా చస్తేనే దానికి ఇంకో నాణెం.

ఈ కాలమిస్టుకు మాత్రం ఈ ఆటల్లో కాల్చడంకంటే తూటాలు నింపడమే ఎక్కువ ఇష్టం. తుపాకీని తెర బయటికి తిప్పి నొక్కితే తూటాలు నిండుతాయి. తెర బయట పుంజం లేదు, వెలుగు లేదు. సెన్సర్‌కు ఏమీ కనిపించలేదంటే ఆటగాడు తుపాకీ పక్కకు తిప్పాడని మెషీన్‌కు అర్థం. చూడలేకపోవడాన్నే ఆటలో నియమంగా మార్చిన ఆలోచన అది. తెలిసినవాళ్లు తూటాలు ఇంకా రెండుండగానే నింపేసుకుంటారు. ఇద్దరు ఆడుతుంటే ఒకరు నింపుకునేటప్పుడు రెండోవాళ్లు కాయాలి. ‘ఒరే, నావి అయిపోయాయి, నువ్వు కొట్టు’ అన్న కేక వినబడిందంటే ఆడేది అన్నదమ్ములన్నమాట.

గాజు తెరలు పోయి పల్చటి ఎల్‌సీడీలు వచ్చాక ఇంటి ప్లాస్టిక్ తుపాకులు గుడ్డివైపోయాయి. గీతలు గీసే పుంజం లేదు, పైగా బొమ్మ కాస్త ఆలస్యంగా వస్తుంది. అటకమీది పెట్టెను దించి కొత్త టీవీకి తగిలిస్తే బాతులు ఎగురుతాయే గాని పడవు. తర్వాత వచ్చిన మెషీన్లు తెర దగ్గర ఇన్‌ఫ్రారెడ్ దీపాలు పెట్టి, వాటిని తుపాకీ చేత చూపించి గురి కనుక్కున్నాయి. బ్రిటన్‌లో పుట్టిన సిండెన్ లైట్‌గన్‌కు ఆ దీపాలు కూడా అక్కర్లేదు. తెర అంచున తెల్లటి చట్రం గీస్తే చాలు, తుపాకీలోని కెమెరా ఆ చట్రాన్నిబట్టి లెక్క కడుతుంది.

ఇన్ని మార్పుల్లోనూ వేలిని ఆపుకోవడం మాత్రం మారలేదు. ఏరియా 51లో జీవుల మధ్య ఆటగాడి పక్షాన ఉండే స్టార్ దళం మనుషులూ కనిపిస్తుంటారు. వాళ్లలో ఒకరిని కాలిస్తే ఆటగాడి ప్రాణం ఒకటి పోతుంది. కాని అందులో ఒక రహస్యం దాచారు. మొదట కనిపించే ముగ్గురు సహచరుల్ని కాల్చి, ఈలోపు ఒక్క జీవినీ కొట్టకుండా ఉంటే, ఆటగాడే క్రోన్ అనే గ్రహాంతరజీవిగా మారిపోతాడు. కొట్టమని ఎదురుగా వచ్చి నిలబడ్డవాటిని వదిలెయ్యడం అంత సులువు కాదు. పలానా పచ్చ బుడగనే కొడతానని చెప్పి, పక్కనున్న పెద్ద ఎర్ర బుడగ జోలికి పోని కుర్రాళ్లు తీర్థాల్లో ఉంటారు. ఏరియా 51 మెషీన్ ఎక్కడైనా పనిచేస్తూ దొరికితే వాళ్లనే ముందు నిలబెట్టాలి. రెండో తుపాకీ మాత్రం, జీవి తోక కనబడగానే పేల్చేసే తమ్ముడి చేతికి ఇవ్వకూడదు.