బిగువెంత, వదులెంత

పుస్తకాల బీరువా చెడితే తప్పంతా పుస్తకాల బరువు మీదికి నెట్టేస్తాం. చాలా బీరువాల్లో ముందు వదులయ్యేది అర పక్కచెక్కను కలిసే చోటు. అర కొసన అడ్డకోత ఉంటుంది. కట్టె పోగులన్నీ అక్కడ నోళ్లు తెరుచుకుని జిగురును పీల్చేస్తాయే గానీ పట్టు ఇవ్వవు. మామూలు గాడి అరను కింద పడకుండా మోయగలదు. పక్కచెక్క బయటికి విచ్చుకుంటుంటే మాత్రం ఆపలేదు.

స్లైడింగ్ డవ్‌టెయిల్ అనే జాయింటు ఆపుతుంది. గాడి అడుగున వెడల్పుగా, నోటి దగ్గర ఇరుగ్గా ఉంటుంది. అర కొసను అదే ఆకారంలో కోసి వెనకనుంచి ముందుకు జారుస్తారు. అలా ఎక్కాక ఇక పక్కకు లాగినా రాదు. మింగ్ కాలపు చైనా బల్లల్లో పైపలక వంగకుండా అడుగున అడ్డుపట్టీలు ఎక్కించింది ఈ పద్ధతిలోనే. అమెరికాలో షేకర్లు చేసిన మూడుకాళ్ల చిన్న బల్లల్లోనూ కాళ్లు నడిమి స్తంభంలోకి ఇలాగే దిగుతాయి. వాళ్లు రంపంతో, ఉలితో చేసిన పనిని ఇవాళ కారు షెడ్డులో, గాడులు కోసే కరెంటు పనిముట్టు రౌటర్‌తో చేసుకోవచ్చు. మా పెదనాన్నగారి అబ్బాయి అలా చేస్తుంటే దగ్గరుండి చూశాను.

ఆయన వాడేది అరంగుళం బిట్, 14 డిగ్రీల వాలు. 18 మి.మీ. టేకు పలకలో 8 మి.మీ. లోతు గాడి. అడుగున 12.7 మి.మీ. ఉన్న వెడల్పు నోటి దగ్గర సుమారు 8.7కి దిగుతుంది. మామూలు గాడినైతే కొంచెం కొంచెంగా లోతు పెంచుకుంటూ కోసుకోవచ్చు. ఇక్కడ కుదరదు, పైపైన ఒకసారి కోస్తే బిట్ అడుగు వెడల్పే నోటిని తినేస్తుంది. అందుకని ముందు 6 మి.మీ. తిన్నని బిట్‌తో నడిమి కట్టె తీసేసి, తర్వాత డవ్‌టెయిల్ బిట్‌ను పూర్తి లోతుకు దించి, పలకకు బిగించిన గైడు పట్టీ వెంట ఒకే ఊపున నడుపుతాడు. బిట్ బయటికి వచ్చే అంచున కట్టె చీలిపోకుండా అక్కడ ఓ పనికిరాని ముక్కను ఆనించి బిగిస్తాడు.

ఇంతవరకూ శ్రద్ధ ఉంటే ఎవరైనా చేస్తారు. పనితనం తెలిసేది అర కొసను కోసేటప్పుడు. రౌటర్‌ను టేబుల్ కింద తలకిందులుగా బిగించి, బిట్‌ను గాడి లోతుకే నిలిపి, దాన్ని ఫెన్సులో, అంటే పలకను ఆనించే నిలువు పట్టీలో, సగానికి పైగా దాచేస్తాడు. పలకను నిలువుగా పట్టి ఒక ముఖం, తిప్పి రెండో ముఖం కోస్తాడు. రెండు వైపులా కోత పడుతుంది కాబట్టి ఫెన్సు 0.1 మి.మీ. జరిగితే కొస 0.2 మి.మీ. సన్నబడుతుంది. అంత చిన్న కదలికను చేత్తో నమ్మలేం. అందుకే ఫెన్సు ముఖం పొడవునా ముందే రెండు మూడు మామూలు కాగితాలు అంటించి ఉంచుతాడు. కొస లావైతే ఒక కాగితం పీకేసి మళ్లీ కోస్తాడు. సరంజామా అంతా కలిపి చూసినా నాకు ముచ్చటేసింది ఈ కాగితాలే.

అదే పలకలోంచి తీసిన తునకతో సరిచూస్తున్నాడు. అది గాడిలోకి చేత్తో నొక్కితే నిండుగా దిగింది.

"బిగువు బ్రహ్మాండంగా ఉంది కదన్నయ్యా, ఇంకా కాగితం తీస్తావేం?"

"ఇది రెండంగుళాల ముక్కరా. అసలు అరది అడుగు వెడల్పు. ఇంత బిగువైతే సగం దారిలో మొరాయిస్తుంది."

రాపిడి పొడవుతో పాటు పెరుగుతుంది. తునక బాగా పట్టిందని సంబరపడితే అర ఇరుక్కుంటుంది. మరీ వదులైతే ఇంత శ్రమకూ అర్థం లేదు. ఎంత వదలాలో ఏ కొలబద్దా చెప్పదు. తునక జారేటప్పుడు వేళ్లకు తగిలే ఒరిపిడిని బట్టి ఆయన తేల్చుకుంటాడు. పలక వంకరగా ఉంటే ఇదంతా వృథా. ఫెన్సుకు ఆనని చోట కొస లావుగా మిగిలిపోతుంది. రౌటర్ స్విచ్ వేసేముందు చిత్రిక పట్టడం మీద ఆయన అంత సమయం పెట్టేది అందుకే.

జిగురు దగ్గరా అదే నిగ్రహం. తెల్ల జిగురులోని నీటికి కట్టె ఉబ్బి, అర నడిమధ్యలోనే బిగుసుకుంటుంది. అందుకని పొడిగానే తోసుకెళ్లి, రెండంగుళాలు మిగిలాక, గాడి ముందు భాగానికీ బయట మిగిలిన కొసకూ కాస్త పూసి, చెక్కసుత్తితో ఎక్కించేస్తాడు. బీరువాలో అర, పక్కచెక్క రెండూ వానాకాలం ఒకే దిక్కున ఉబ్బుతాయి గనక పేచీ లేదు. బల్ల కింది అడ్డుపట్టీల సంగతి వేరు. పలక పోగులకు పట్టీ అడ్డంగా ఉంటుంది కాబట్టి ఒక్క చోట అంటించి తక్కినదంతా జారడానికి వదిలేయాలి. నిండా జిగురు పెడితే పలక పగులుతుంది.

కొందరు గాడిని ముందు అంచుకు అరంగుళం ఇవతలే ఆపి జాయింటును దాచేస్తారు. అలా చేస్తే రౌటర్ ఆపి, బిట్ పూర్తిగా నిలిచాకే కదపాలి. తిరుగుతుండగా పైకెత్తితే గాడి నోరు పోతుంది. అన్నయ్యకు అదీ చేతనవును, కానీ దాచడు. నేనూ ఆయన పక్షమే. ఇంత చేసి కొస కూడా కనిపించనివ్వకపోతే ఎలా?