కుటుంబ ప్రార్థనలో కీర్తన: పురుషోత్తము చౌదరి రచనలపై ఒక పరిశీలన

ప్రస్తావన

తెలుగు క్రైస్తవ సాహిత్యం అనగానే మన విశ్వవిద్యాలయాల్లో చర్చ సాధారణంగా జాషువ 'క్రీస్తు చరిత్ర' దగ్గర మొదలై, తరచూ అక్కడే ముగుస్తుంది. 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న పద్యకావ్యం కనుక ఆ ప్రాధాన్యం సహజమే. కానీ ఆ కావ్యం పేరైనా వినని ఇళ్లలో సైతం తరతరాలుగా నిలిచిన రచన మరొకటి ఉంది. అది పురుషోత్తము చౌదరి (1803–1890) కీర్తన. పర్లాకిమిడి ప్రాంతంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, యౌవనంలో క్రైస్తవం స్వీకరించి, తరువాతి జీవితాన్ని సువార్త సేవలో గడిపిన ఆయన నూటికి పైగా కీర్తనలు రచించారు. 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' సంకలనం ద్వారా అవి వేర్వేరు సంఘాలకు ఉమ్మడి ఆస్తి అయ్యాయి.

విమర్శ మాత్రం వాటిని 'మత ప్రచార సాహిత్యం' అన్న ఒక్క మాటతో దాటవేస్తూ వచ్చింది. భావంలో నవ్యత లేదనీ, భాష సంస్కృత పదభూయిష్ఠమనీ సదస్సుల్లో నేనూ విన్నాను. కీర్తనను పద్యంలా కాగితం మీద చదవడం వల్ల కలిగిన అభిప్రాయమిది. సంఘసేవ కోసం పుట్టి, కుటుంబ ప్రార్థనలో నిలిచిన రచనలోని సృజనను అది పనిచేసిన చోటనే పరీక్షించాలన్నది ఈ వ్యాసంలోని వాదన.

పల్లవి చేసే పని

చౌదరి శరణాగతి కీర్తనల్లో పల్లవి ఒక మొర. చరణాలు పాడేవాని దోషాల చిట్టా. ఈ పద్ధతికి మూలాలు మన భజన సంప్రదాయంలోనే ఉన్నాయి. రామదాసు చెరసాలలో ఉండి దేవుణ్ణే నిలదీశాడు, చేయించిన నగల ఖరీదులు ఏకరువు పెట్టాడు. చౌదరి ఆ ఏకరువును ఉంచుకొని దాని దిశను మార్చారు. లెక్క అప్పగించవలసినవాడు ఇక్కడ దేవుడు కాదు, భక్తుడు. క్రైస్తవంలోని పాపాంగీకారానికి తెలుగులో అంతకుముందు సిద్ధమైన వాహిక లేదు. కీర్తనలోని నిష్ఠూరాన్ని ఆత్మనింద చేసి ఆయన దాన్ని సమకూర్చారు. ఇది సిద్ధాంతాన్ని తెలుగులోకి దించడం మాత్రమే అయితే దాన్ని అనువాదం అనవచ్చు. రూపం చేసే పనినే మార్చినందువల్ల దీన్ని సృజన అంటున్నాను.

అంతకన్నా గమనించదగినది అన్వయం. తెలుగు కీర్తనలో చరణం చివరి పాదం చాలాచోట్ల వాక్యంగా ముగియదు. పల్లవితో కలిసినప్పుడే దానికి క్రియ దొరుకుతుంది. సాయంత్రం ఇంట్లో జరిగే ప్రార్థనను ఊహించండి. చదువు వచ్చిన ఒకరు, సాధారణంగా బడికి వెళ్లే పిల్లో పిల్లవాడో, పుస్తకం చూసి చరణం అందుకుంటారు. అక్షరాలు రాని పెద్దలు పల్లవి పలుకుతారు. అంటే చదివినవారు మొదలుపెట్టిన వాక్యాన్ని చదువు లేనివారు పూర్తిచేస్తారు. ఒక్కో చరణంలో ఒక్కో దోషం విన్న తరువాత అదే మొర వేరే బరువుతో తిరిగి వస్తుంది. కాగితం మీద పునరుక్తిగా కనిపించేది ఇంట్లో సంభాషణ అవుతుంది. యతిప్రాసలు కూడా ఇక్కడ అలంకారాలు కావు, జ్ఞాపకానికి పట్టుకొమ్మలు.

సంకలనంలోనే ఉన్న పాశ్చాత్య రాగాల అనువాద గీతాలను పక్కన పెట్టి పాడి చూస్తే తేడా తెలుస్తుంది. ఇంగ్లీషు బాణీ తన దెబ్బ ఎక్కడ పడాలో ముందే నిర్ణయించుకొని వస్తుంది. ఆ దెబ్బ కింద మన లఘువు సాగుతుంది, గురువు కుంచించుకుపోతుంది, మాట మధ్యలో విరుగుతుంది. వాటిలోనూ మంచివి లేకపోలేదు. అయితే అవి పియానో ఉన్న ఆలయంలో రాణించినంతగా కిరసనాయిలు దీపం దగ్గర రాణించవు.

భాష ఎవరిది?

సంస్కృత పదాల గురించిన అభ్యంతరాన్ని తేలికగా తీసుకోలేము. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. బ్రాహ్మణ సంస్కారం గల కవి కీర్తన ఆ తరువాతి కాలంలో ఇలాంటి కుటుంబాల నోట స్థిరపడింది. దీన్ని పైనుంచి కిందికి వచ్చిన దానంగా వర్ణించడం మనకు అలవాటు. ఆ వర్ణన తప్పు. ఆ ఉద్యమానికి తొలి నాయకుల్లో ఒకడైన యర్రగుంట్ల పేరయ్య క్రైస్తవానికి ముందే యోగమార్గంలో శిష్యులున్న గురువు. ఆ సమాజానికి తన తత్త్వచింతన ఉంది, తన పాట ఉంది. కీర్తనను అందుకున్నవారు పాట తెలియనివారు కారు. కఠిన సమాసాలను వారు నోటికి అనువుగా విరుచుకున్నారు, బాణీని తమ గొంతుకు తగ్గట్టు తిప్పుకున్నారు. చౌదరి రచనకు రెండవ కర్తృత్వం వారిది. ముద్రిత పాఠంతో పోల్చి వీటిని 'ఉచ్చారణ దోషాలు' అని నమోదు చేయడం పరిశోధకులుగా మనం చేయగల పెద్ద పొరపాటు.

పేరు మిగిలిన రాగం

సంకలనంలో కీర్తనకు పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. స్వరం ఉండదు. బాణీని మోస్తున్నవి ఇళ్లే. తాళ్లపాక కవుల రాగిరేకుల విషయంలో ఏమి జరిగిందో మనకు తెలుసు. రాగాల పేర్లు మిగిలాయి, బాణీలు పోయాయి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి విద్వాంసులు కొత్తగా స్వరపరచవలసి వచ్చింది. క్రైస్తవ కీర్తన ఇంకా ఆ స్థితికి రాలేదు, కానీ ఆ దారిలోనే ఉంది. ఇప్పుడు చాలా ఇళ్లలో ప్రార్థనకు ముందు ఫోనులో పాట పెడుతున్నారు. కొత్త పాటల్లో ప్రతిభ లేదని నేను అనను. అయితే స్టూడియోలో ముగిసిన పాటకు ఇంటివాళ్లు పూర్తిచేయవలసిన వాక్యం మిగలదు.

మా అమ్మమ్మకు అక్షరాలు రావు. కీర్తనలను ఆమె సంఖ్యలతో గుర్తుపెట్టుకునేది. సంఖ్య చెబితే పల్లవి ఎత్తుకునేది. ఆమె పాడే ఒక కీర్తన నేను ఆలయంలో నేర్చుకున్న బాణీలో ఉండేది కాదు. చిన్నప్పుడు ఆమెదే తప్పని దిద్దబోయాను కూడా. పరిశోధనలోకి వచ్చాక పుస్తకంలో ఉన్న రాగం పేరు చూపి ఒక సంగీత అధ్యాపకురాలిని అడిగితే, నేను పాడినది ఆ రాగం కాదన్నారు. అమ్మమ్మ పాడినట్లు పాడి వినిపించబోయాను. పల్లవి వచ్చింది. రెండవ చరణం దగ్గర ఆమె ఎక్కడ తగ్గేదో గుర్తుకు రాలేదు. ఆమె గొంతును మేమెవరం రికార్డు చేసుకోలేదు.